మిరియం కట్టిన గూడు

అనగనగా ఒక వాగు. ఆ వాగు మీదికి వంగిన ఒక తుమ్మచెట్టు. ఆ చెట్టు మీద గిజిగాళ్ళ బడి.

ఆ బడిలో ఎక్కాలు లేవు, పద్యాలు లేవు. పచ్చి ఈతాకును ముక్కుతో చీల్చి సన్నటి పీచు తీయాలి. ఆ పీచును ముడివేసి గూడు అల్లాలి. అదే చదువు. సాయంత్రం పంతులమ్మ వచ్చి ప్రతి గూటినీ ముక్కుతో గట్టిగా గుంజి చూస్తుంది. ఊడితే మళ్ళీ కట్టుకోవాల్సిందే.

ఆ బడిలో మిరియం అనే కుర్ర గిజిగాడు ఉండేవాడు. చూడ్డానికి ఇంతే ఉంటాడు, కోపం మాత్రం కొండంత. గూడు కట్టడంలో వాడి తొందరకు కారణం లేకపోలేదు. చెల్లెలు చిట్టికి రెక్క విరిగింది. తొలకరి పడేలోగా గూడు పూర్తికాకపోతే, ఆ రెక్కతో వానలో తడిసి చిట్టి బతకదు.

ఒకనాడు మిరియం మేతకు వెళ్ళి వచ్చేసరికి గూటికి ఒక పక్క పీచు మాయమైంది. వాడికి ఒళ్ళు మండిపోయింది.

"అందరికీ నా గూడే దొరికిందా? అసలు గూడే లేకుండా చేస్తాను, అప్పుడేం దొంగిలిస్తారో చూస్తాను!" అని అరుస్తూ మిగిలినదంతా పీకి వాగులో పారేశాడు.

దొంగ పట్టుకుపోయింది గుప్పెడు పీచు. వీడు పారేసింది గూడంతా. ఇంతకంటే తెలివితక్కువ పని ఎక్కడైనా ఉందా? నాకైతే ఇప్పటికీ తలచుకుంటే చిరాకేస్తుంది.

మళ్ళీ మొదలుపెట్టాడు. సగం అయ్యేసరికి మళ్ళీ పీచు పోయింది. పక్క కొమ్మ మీద గోగు అనే గిజిగాడు తన గూడు అల్లుకుంటూ కూనిరాగం తీస్తున్నాడు.

"దొంగవెధవా! నా పీచుతో కట్టుకుంటూ పైగా పాటలా?"

"నేనెందుకు తీస్తాన్రా? పొద్దుటినుంచి ఈ కొమ్మ దిగితే ఒట్టు!"

మిరియం వింటేగా! ఒక్క దూకు దూకి, గోగు గూడు కొమ్మకు వేలాడే ముడిని పటుక్కున కొరికేశాడు. గూడు వాగులో పడి కొట్టుకుపోయింది. గోగు నీళ్ళవైపు చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడే పంతులమ్మ వచ్చి వాలింది. "గోగు పొద్దుటినుంచీ నా కళ్ళెదుటే ఉన్నాడు, మిరియం."

మిరియానికి సిగ్గుతో తల వాలిపోయింది. కోపం మాత్రం పోలేదు. "నా పీచు పోయిన మాట అబద్ధమా, పంతులమ్మగారూ? నాకు కోపం రాదా?"

"వస్తుంది, రావాలి కూడా. కానీ దొంగ ఎవరో నీ కోపం చెప్పగలిగిందా?" అని ఆమె వెళ్ళిపోయింది.

మిరియం మూడోసారి గూడు మొదలుపెట్టాడు. పడమట మబ్బులు కమ్ముకొస్తున్నాయి. మేతకు వెళ్ళి వచ్చి చూస్తే మళ్ళీ పీచు లేదు! వాడి ఒళ్ళంతా వణికిపోయింది. ముక్కు చాచి గూటిని పీకబోయాడు. కింది కొమ్మ మీద చిట్టి బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంది.

మిరియం గూటిని వదిలి వాగు గట్టుకు దిగాడు. చల్లటి నీళ్ళలో తల ముంచాడు. చాలక మళ్ళీ ముంచాడు. కోపం అలాగే ఉంది, వణుకు మాత్రం తగ్గింది. అప్పుడు వాడికి తోచింది, అరిచేకంటే కాపు కాయడం మేలని. ఆకుల చాటున దాక్కున్నాడు.

కాసేపటికి దొంగ వచ్చాడు. ఎవరనుకున్నారు? బడిలో ఎవరితోనూ గట్టిగా మాట్లాడని దూది!

మిరియం ఎదురుగా వాలాడు. అరవలేదు. "అది నాది, దూదీ. మా చెల్లి కోసం కడుతున్నాను. ఎందుకు తీస్తున్నావు?"

దూది ముక్కులోని పీచు జారిపోయింది. "నాకు ఆకు చీల్చడం రాదు. నేర్పమంటే అందరూ నవ్వారు. అందరికంటే నువ్వే ఎక్కువ నవ్వావు."

మిరియానికి మళ్ళీ మండింది. దూది చెప్పింది నిజమే మరి, అందుకే మండింది.

"ముడి వేయడం వచ్చా?"

"అది బాగా వచ్చు."

"అయితే నేను చీలుస్తాను, నువ్వు ముడివెయ్యి. కోపాలూ ఏడుపులూ తర్వాత చూసుకుందాం. ముందు తీసిన పీచంతా తీసుకురా!"

తొలి చినుకు పడేసరికి గూడు పూర్తయింది. పంతులమ్మ గుంజి చూస్తే కదల్లేదు. కానీ అందులో ఇద్దరికే చోటుంది.

మిరియం చెల్లెల్ని లోపల కూర్చోబెట్టి గోగు దగ్గరికి వెళ్ళాడు. "నువ్వూ లోపలికి వెళ్ళు. నీ గూడు పడగొట్టింది నేనే."

గోగు మొహం తిప్పుకున్నాడు. వాన పెద్దదయ్యాక వెళ్ళి చిట్టి పక్కన కూర్చున్నాడు.

మిరియం, దూది కొమ్మ మీదే తడుస్తూ కూర్చున్నారు.

"ఇంకా కోపంగా ఉందా?" అన్నాడు దూది.

"ఉంది. నీ మీద ఉంది, నా మీద అంతకంటే ఎక్కువ ఉంది. వాన వెలవగానే గోగుకు గూడు కట్టాలి. పొద్దున్నే లేచి రా, ఆకు చీల్చడం నేర్పుతాను."

కోపం రావడం తప్పు కాదు పిల్లలూ, చేయాల్సిన పనిని ఆ కోపానికి అప్పగించడమే తప్పు.