వీరభద్రం స్కూటర్

సామర్లకోటలో వీరభద్రం అనే పెద్దమనిషి ఉండేవాడు. దేన్నైనా ప్రేమించాడంటే, దానికి అవసరమైనదానికన్నా ఎక్కువ చేస్తేగాని అతని మనసు కుదుటపడేది కాదు. కుండీలో మొక్కకు నీళ్లు పోస్తే అవి వీధిలోకి పారేవి. చుట్టం భోజనానికి వస్తే, వద్దు వద్దంటున్నా విస్తట్లో నెయ్యి ధార కట్టేది. మొక్కలు చచ్చిపోయేవి. చుట్టాలు మాత్రం ఎలాగో బతికి బయటపడేవారు.

అతనికి ఒక పాత స్కూటర్ ఉండేది. పెట్రోలులో కొంచెం ఆయిల్ కలిపి పోయాల్సిన రకం అది. "పాపం, ముసలిదైపోయింది" అని వీరభద్రం ఆయిల్ రెట్టింపు కలిపేవాడు. దానికి అలుపొస్తుందని ఎప్పుడూ వేగంగా తోలేవాడు కాదు. సైకిళ్లు సైతం దాన్ని దాటి వెళ్లిపోయేవి.

భార్య వరహాలు విషయంలోనూ అంతే. ఆమెకు ఆ ఏడు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. రోజూ కాస్త నడవమని డాక్టరు చెప్పాడు. వీరభద్రం మాత్రం ఆమెను గుమ్మం దాటనిచ్చేవాడు కాదు.

"నేను బాగానే ఉన్నానండీ. బజారుకి నేను వెళ్లొస్తాను" అనేది వరహాలు.

"నీకెందుకే శ్రమ? నేనున్నాగా!" అనేవాడు. అంత ప్రేమగా అంటుంటే ఆమెకు కోపం కూడా వచ్చేది కాదు. కానీ రోజంతా మంచం మీదే కూర్చోవడంతో ఒంట్లో మిగిలిన ఓపిక కూడా తగ్గిపోసాగింది.

ఒకరోజు ఉదయం ఆమె అక్క సుభద్ర ఫోన్ చేసింది. సుభద్రకు చూపు బాగా మందగించింది. ఆపరేషన్ కోసం రైల్లో మద్రాసు వెళ్తోంది.

"మీ ఊళ్లో బండి కాసేపు ఆగుతుందటే. ఆపరేషన్ ఎలా అవుతుందో ఏమో! ఈ ఉన్న చూపుతో ఒక్కసారి నీ మొహం చూసుకోవాలని ఉంది" అంది.

వీరభద్రం వెంటనే భార్యను స్కూటర్ ఎక్కించుకుని బయలుదేరాడు. స్టేషన్‌కి వెళ్లాలంటే పెద్ద వంతెన ఎక్కి దిగాలి. సగం ఎక్కేసరికి స్కూటర్ దట్టంగా పొగ కక్కి ఆగిపోయింది. ఎన్ని కిక్కులు కొట్టినా కదల్లేదు. ఖాళీ ఆటో ఒక్కటీ రాలేదు. దూరంగా రైలు కూత వినిపించింది.

"నేను నడిచి వెళ్తానండీ" అంది వరహాలు.

"వద్దే, పడిపోతావు!" అంటూ వీరభద్రం ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అక్క వెళ్లిపోతుందండీ. నా చెయ్యి వదలండి."

అతను వదిలాడు. వరహాలు కొంగు నడుముకు దోపుకుని ఎక్కసాగింది. ఆయాసం వచ్చినప్పుడు వంతెన గోడ పట్టుకుని ఆగింది, మళ్లీ నడిచింది. వెనకాల స్కూటర్ తోసుకుంటూ వీరభద్రం ఆమె వీపునే చూస్తూ, గుండె అరచేతిలో పెట్టుకుని నడిచాడు.

అతను ప్లాట్‌ఫారం మీదికి చేరేసరికి, కిటికీ ఊచల్లోంచి సుభద్ర చెల్లెలి మొహాన్ని రెండు చేతుల్తోనూ పట్టుకుని ఉంది.

"జబ్బు చేసిందంటే ఎలా అయిపోయావో అని బెంగపెట్టుకున్నానే. చెంపలు ఎంత కళగా ఉన్నాయో!" అంటోంది. రైలు కదిలాక కూడా వరహాలు ఏడుస్తూ నవ్వుతూ చెయ్యి ఊపుతూనే ఉంది.

స్టేషన్ బయట జానీ అనే మెకానిక్ స్కూటర్ ఇంజను విప్పాడు. లోపలంతా నల్లగా పెచ్చు కట్టి ఉంది.

"కార్బన్ పట్టేసిందండీ. ఆయిల్ ఎక్కువ పోశారు. పైగా ఎప్పుడూ మెల్లగానే తోలుతున్నట్టున్నారు. ఇంజను బాగా వేడెక్కకపోతే ఆ ఆయిల్ కాలదండి, ఇలా పేరుకుపోద్ది" అన్నాడు, గీకుతూనే.

"బాగా చూసుకుందామనే కదయ్యా పోశాను!" అన్నాడు వీరభద్రం. తర్వాత భార్య వైపు తిరిగాడు. ఆమె చెమట తుడుచుకుంటోంది. ఎన్నో నెలలుగా ఆ మొహంలో అంత వెలుగు అతను చూడలేదు. అతని కళ్లు చెమర్చాయి.

"నిన్ను కూడా ఇలాగే చేశానా, వరహాలూ?"

"కొంచెం" అంది ఆమె నవ్వుతూ.

అప్పటినుంచి వీరభద్రం ఆయిల్ కొలిచి పోసేవాడు. పెద్దాపురం రోడ్డు ఖాళీగా ఉంటే స్కూటర్‌ని హుషారుగా పోనిచ్చేవాడు. వరహాలు సంచీ పుచ్చుకుని బజారుకి బయలుదేరితే, వెంట వెళ్లాలని కాళ్లు లాగినా గుమ్మంలోనే ఆగి, "జాగ్రత్త" అని ఒక్కమాట అనేవాడు. ఆమె సందు మలుపు తిరిగేదాకా చూసి, వెళ్లి మొక్కలకు ఒక్కో చెంబు మాత్రమే నీళ్లు పోసేవాడు.

నీతి: మనం ప్రేమించేవాళ్లకు కావలసినంత సాయమే చేయాలి, వాళ్ల శక్తిని వాళ్లు వాడుకోనివ్వని ప్రేమ వాళ్లకు మేలు చేయదు.