కారులో వెలిగిన దీపం

పెద్దాపురం నుంచి జగ్గంపేట బయల్దేరిన కాత్యాయని వాళ్ళ కారు సగం దారిలో ఇంజన్ పట్టేసి ఆగిపోయింది. శ్రద్ధ లేక కాదు. శ్రద్ధ ఎక్కువై.

ఆ ఇంట్లో నలుగురు. కాత్యాయని, మొగుడు భీమేశ్వరరావు, మరిది గవర్రాజు, అత్తగారు సీతారావమ్మ. తమకున్న తెలివి నాలుగు ఊళ్ళకు సరిపోతుందని నలుగురూ ఒప్పుకున్నారు. అయిదో మనిషిని అడగాల్సిన అవసరం వాళ్ళకెప్పుడూ రాలేదు.

కారు కొన్నరోజు మెకానిక్ మస్తాన్ రెండే మాటలు చెప్పాడు. "బండి ఎప్పుడూ నీడలో ఉంచండి. రోజూ పొద్దున్నే ఇంజన్ ఆయిలు చూడండి."

అంతే. పెరట్లో ఉన్నది ఒక్క కొబ్బరిచెట్టు. నీడ జరిగితే కారూ జరగాలి కదా! సీతారావమ్మ అరుగు మీద కాపలా కూర్చుని, "నీడ జానెడు జరిగిందర్రా!" అని కేకేసేది. అన్నదమ్ములిద్దరూ అన్నం చేత్తోనే పరిగెత్తుకొచ్చి తోసేవాళ్ళు. మిట్టమధ్యాహ్నం నీడ చెట్టు మొదట్లోకి ముడుచుకునేది. ఇంకేముంది, కారునూ చెట్టుకేసి గుద్దేవాళ్ళు.

"చూశావా వదినా, రంగు ఎక్కడా వెలవలేదు," అనేవాడు గవర్రాజు.

"సొట్టలు పడ్డాయి కదయ్యా?"

"సొట్టల సంగతి మస్తాన్ చెప్పలేదు."

ఆయిలు సంగతి ఇంకా నిష్ఠగా జరిగేది. తెల్లారగానే భీమేశ్వరరావు బానెట్ ఎత్తి, ఆయిలు కొలిచే కమ్మీ బయటికి లాగేవాడు. నలుగురూ వరసగా నిలబడి చూసేవాళ్ళు. మొదట్లో పైగీత దాకా ఆయిలుండేది. తర్వాత కిందగీత దాకా. తర్వాత చివర మాత్రం తడి. ఒకరోజు అదీ లేదు.

"కమ్మీ ఎంత శుభ్రంగా ఉందో చూడు, కాత్యాయనీ! ఒక్క మరక లేదు."

"మన పోషణ అలాంటిది మరి!" అంది కాత్యాయని మురిసిపోతూ.

ఆ మురిపెంలోనే జగ్గంపేట ప్రయాణం వచ్చింది. ఆమె అన్నగారి కూతురికి ఆవేళ పదకొండింటికి నిశ్చితార్థం. మేనత్త పెట్టిన చీర కట్టుకున్నాకే పిల్ల పీట మీద కూర్చోవాలని ఆ ఇంటి ఆనవాయితీ. వెళ్ళినప్పుడల్లా ఆమె వదిన, "ఏ బస్సుకొచ్చావమ్మా?" అని మూతి తిప్పుతుంది. అందుకే ఈసారి కాత్యాయని ఫోన్‌లో గట్టిగా చెప్పింది. "చీర తీసుకుని కారులోనే వస్తాను వదినా. ఇది నా మాట."

బయల్దేరిన పావుగంటకి స్టీరింగ్ వెనకాల ఎర్రగా ఓ బొమ్మ వెలిగింది. అచ్చం కుందిలో దీపంలా ఉంది.

"శుభం! దీపం దానంతట అదే వెలిగిందే!" అని సీతారావమ్మ చేతులు జోడించింది.

"బండి ఆపి చూడనా?" అన్నాడు భీమేశ్వరరావు.

"ఆపితే దీపం ఆరిపోదూ? శుభకార్యానికి వెళ్తూ ఆ పని చేస్తావా? పోనియ్యి!" అంది తల్లి.

పోనిచ్చాడు. కాసేపటికి ఇంజన్లోంచి టంగు టంగుమని చప్పుడు.

"గంట కూడా కొడుతోంది వదినా!"

ఇంకాసేపటికి బానెట్ సందుల్లోంచి పొగ.

"ధూపం!" అంది అత్తగారు పరవశంగా. "ఇంక హారతే తరువాయి."

హారతి దాకా రాలేదు. కారు ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. టైము పదయింది. ఒళ్ళో పట్టుచీర, చుట్టూ మామిడితోటలు. అక్కడ పిల్ల ఈ చీర కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. కాత్యాయనికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కిందికి దిగి, తలుపు ధడాలున వేసి, అందరూ వినేలా అంది.

"ఈ కారులో కూర్చుని ఇంక ఒక్క గజం ముందుకు వెళ్తే ఒట్టు!"

ఫోన్ చేస్తే మస్తాన్ జీపేసుకుని పావుగంటలో వచ్చాడు. కమ్మీ లాగి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"చుక్క ఆయిలు లేదు! రోజూ చూడమన్నానా లేదా?"

"ఒక్కరోజు మానలేదయ్యా, నలుగురం చూశాం."

"చూసి?"

"చూసి మూత పెట్టేశాం. పొయ్యమని నువ్వు చెప్పలేదే!"

మస్తాన్ కమ్మీ తిరిగి పెట్టేసి బానెట్ దించాడు. "సరేనమ్మా, అదిగో బస్సు. మీరెక్కి వెళ్ళిపోండి."

"ఎలా ఎక్కుతాను? కారులోనే వస్తానని మాటిచ్చాను."

"అయితే జీపుకి తాడు కట్టి లాక్కెళతాను. కూర్చోండి."

"ఎలా కూర్చుంటాను? ముందుకు వెళ్ళనని ఒట్టు వేసుకున్నాను."

బస్సు వెళ్ళిపోయింది. పది ఇరవై. నలుగురూ ఆలోచనలో పడ్డారు. ముందుగా గవర్రాజు మొహం వెలిగింది.

"మస్తాన్, తాడు కారు వెనక కట్టు!"

అంతే. అన్నదమ్ములు కారుని తోసి వెనక్కి తిప్పారు. జీపు జగ్గంపేట వైపు, కారు మూతి పెద్దాపురం వైపు. లోపల నలుగురూ దర్జాగా కూర్చున్నారు. స్టీరింగ్ ఎటు తిప్పాలో తెలియక భీమేశ్వరరావు రెండు వైపులా తిప్పాడు. పదకొండుకి పది నిమిషాలుందనగా పందిరి ముందు వెనక్కి వెనక్కి వచ్చి ఆగారు.

వదిన బుగ్గన వేలేసుకుంది. "ఏమమ్మా, వస్తున్నావా, వెళ్ళిపోతున్నావా?"

"కారులో వచ్చాను," అంది కాత్యాయని తలెత్తి, చీర చేతికిస్తూ.

తర్వాత మస్తాన్ ఇంజన్ విప్పి, కష్టపడి బాగుచేశాడు. బండి ఇప్పుడు నిక్షేపంలా నడుస్తోంది. కానీ ఒట్టు ఒట్టే. సంతకైనా, సినిమాకైనా కాత్యాయని ఎక్కిందంటే భీమేశ్వరరావు రివర్స్ గేరు వేసి, మెడ వెనక్కి తిప్పుకుని కూర్చోవాల్సిందే. ఈరోజు వరకూ ఆవిడ ఆ కారులో ఒక్క గజం ముందుకు వెళ్ళలేదు.