కొంగలవాయి సల్లగంగమ్మ, తిరిగిరాని కుండ

కొంగలవాయి పెద్దచెరువు కట్ట మీద ఉన్న ఈ గుడికి వచ్చే భక్తులు మొదట ప్రసాదం గురించే అడుగుతారు. ఇక్కడ పులిహోర లేదు, లడ్డూ లేదు. దొన్నెడు మజ్జిగ ఇస్తారు. అది కూడా చెరువులో నుంచి పైకి తీసిన కుండలోది. గర్భగుడిలో అమ్మవారు నల్లరాతి కుండ ఆకారంలో వెలసి ఉంటుంది. ఆ కుండ మెడ చుట్టూ తాడు ఒరిసినట్లు ఒక గీత కనబడుతుంది. మజ్జిగను ఈ ప్రాంతంలో సల్ల అంటారు. చల్లదనాన్ని చెప్పడానికీ అదే మాట. ఒకే మాటకు రెండు అర్థాలు ఉండబట్టే ఈ క్షేత్రం వెలసిందని పెద్దలు నవ్వుతూ చెబుతారు. మనమూ నవ్వుతూనే విందాం.

పూర్వం ఇక్కడ కట్ట కింద నలభై బెస్త ఇళ్ళు ఉండేవి. ఆశన్న వారిలో ఒకడు. వల విసరడంలో చేయి తిరిగినవాడు, చెప్పినమాట వెంటనే నమ్మేవాడు. ఒక ఏడు రోహిణి కార్తె నిప్పులు చెరిగింది. చెరువు సగానికి సగం తగ్గి, అంచున నీళ్ళు స్నానానికి కాచినట్లు ఉండేవి. తెల్లవారుజామున చేపలు నోళ్ళు పైకి పెట్టి గాలి కోసం తన్నుకోవడం చూసేవారు. కానీ తెప్పలు కట్టుకొని వచ్చేసరికి పొద్దెక్కేది, అవి కనబడేవి కావు. ఇరవై రోజులుగా వలల్లో నాచు తప్ప మరేమీ పడలేదు.

కులపెద్ద రాజన్న అందరినీ పిలిచి, "ఐతారం దాకా చూద్దాం. అప్పటికీ వల ఉత్తదే వస్తే సోమారం పొద్దుగాల్ల గోదారి ఒడ్డుకు పోదాం," అన్నాడు.

ఆశన్న భార్య భూదవ్వకు ఏడో నెల. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు నిలిచిన కడుపు అది. ఆ ఎండలో నాలుగు రోజుల నడక ఆమెకు తగదు. భూదవ్వ మాత్రం తొణకలేదు. "నేను నడువ. నా బిడ్డ ఈ నీళ్ళ ఒడ్డునే పుట్టాలె. మన నీళ్ళ తల్లి గంగమ్మనే అడుగు, ఏమంటదో," అంది.

శనివారం మిట్టమధ్యాహ్నం ఆశన్న వలల పాకలో నడుం వాల్చాడు. కలలో తడిచీర కట్టుకున్న ముసలమ్మ వచ్చి తల వైపు కూర్చుంది. "సల్ల ఏడుంటే చాప ఆడుంటది," అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయింది.

ఆశన్న ఎగిరి గంతేశాడు. వచ్చింది గంగమ్మే. సల్ల అన్నది, అంటే మజ్జిగే కదా! సల్ల కుండ తెప్ప మీద ఉంటే చేపలు తెప్ప దగ్గరికి వస్తాయని అతని లెక్క. అయితే పశువులు వట్టిపోయిన ఆ రోజుల్లో మజ్జిగ ఎక్కడిది? గొల్లవాడకు పరుగెత్తి, ఇంకా పాడి మిగిలిన మల్లవ్వ కాళ్ళావేళ్ళా పడ్డాడు. మల్లవ్వ ఒక కుండ నింపి ఇస్తూ, "కుండ మాత్రం తెచ్చియ్యి తమ్మీ. నాకున్నది ఒక్కటే," అంది.

ఆదివారం పొద్దున ఆశన్న కుండను తెప్ప నడుమ నిలబెట్టి చుట్టూ వల విసిరాడు. ఏమీ పడలేదు. మళ్ళీ విసిరాడు. ఒక్క పీత కూడా రాలేదు. కట్ట మీద జనం కడుపులు పట్టుకొని నవ్వారు. "సల్ల ఒక్కటే పెడితె ఎట్లరా, అన్నం గూడ కలుపు," అని రాజన్న ఎగతాళి చేశాడు. ఆశన్నకు తల కొట్టేసినట్లయింది.

పొద్దు నెత్తి మీదికి వచ్చింది. మజ్జిగ వేడెక్కుతోంది. పులిసిన సల్ల పెడితే అమ్మవారికి కోపం వస్తుందేమోనని భయపడి, కుండ మూతికి బట్ట బిగించి, మెడకు వలతాడు కట్టి నీళ్ళలోకి దించాడు. కొంతసేపటికి పైకి తీసి చెయ్యి ఆనిస్తే గోరువెచ్చగా ఉంది. తెప్ప జరిపి మరోచోట దించాడు. అక్కడా అంతే. అలా దించుతూ, తీస్తూ చెరువు పక్క గుట్ట వారన ఉన్న లోతు మడుగుకు చేరాడు. అక్కడ తీసిన కుండ చేతికి జిల్లుమంది. ఒక గుక్క తాగి చూశాడు. పళ్ళు జివ్వుమన్నాయి. అడుగున ఊట ఉందన్నమాట.

ఆశన్న కుండ వంక చూశాడు, నీళ్ళ వంక చూశాడు. అమ్మ చెప్పిన సల్ల ఇదీ! తన తెలివికి తానే పకపకా నవ్వుకున్నాడు. వెంటనే కుండను మళ్ళీ నీళ్ళలోకి దించి, తాడు మోచేతికి తగిలించుకొని వల విసిరాడు. తాడు చేతుల్ని కోసేంత బరువు తగిలింది. రెండు చేతులూ వలకే చాలక మోచేతికి ఉన్న కుండ తాడు వదిలేశాడు. కుండ బుడబుడమంటూ ఊట అడుగుకు దిగిపోయింది. బొచ్చె, రవ్వ చేపలు తెప్పంతా నిండాయి. ఇరవై రోజులు ఆకలి పట్టిన నలభై ఇళ్ళూ కట్ట దిగి ఉరికి వచ్చాయి.

రాజన్న కళ్ళు తుడుచుకొని, "అన్ని వలలూ తెండిరా, ఆ మడుగును ఊడ్చేద్దాం," అన్నాడు. అప్పుడు భూదవ్వ మెల్లగా వంగి ఒక చేపను ఎత్తింది. దాని కడుపు గుడ్లతో నిండి ఉంది. ఆమె తన పొట్ట మీద చెయ్యి వేసుకొని, "పెద్దయ్యా, వీటికీ నెలలే. సల్ల జాగ చూసుకొని పండుకున్నయి. నన్ను ఎండల నడువుమంటె నడువనన్న. వీటిని మాత్రం ఎట్ల లేపుతరు?" అంది.

రాజన్నే ముందుగా ఒక చేపను నీళ్ళలో వదిలాడు. గుడ్ల చేపలన్నీ తిరిగి మడుగుకు వెళ్ళాయి. మిగిలినవాటితో ఆ పూట నలభై పొయ్యిలూ వెలిగాయి. మడుగులోని చేపలు తెల్లవారకముందే మేతకు అంచుకు వచ్చి, ఎండ ముదరగానే వెనక్కి పోతాయని ఆశన్న ఆ వారంలోనే కనిపెట్టాడు. నాటి నుంచి వలలు చుక్క పొద్దున అంచునే పడ్డాయి. గోదావరి ఒడ్డుకు ఎవరూ పోలేదు. తొలకరి చినుకులు పడ్డాక భూదవ్వకు ఆడపిల్ల పుట్టింది. సల్లవ్వ అని పేరు పెట్టుకున్నారు. మరో ఏట నీరు తగ్గినప్పుడు ఊట దగ్గర బయటపడ్డ కుండరాయే నేటి అమ్మవారు.

నేటికీ రోహిణి కార్తె ఆదివారం నాడు గొల్లల ఇంటి మజ్జిగను మడుగులోకి దించి తీస్తారు. మొదటి గుక్క గర్భిణులకు ఇస్తారు. తొలకరి వచ్చే వరకు ఆ మడుగులో వల పడదు. ఆ సల్ల తాగిన వారికి కాన్పు సులువవుతుందని, ఆ ఇంట చల్లదనం నిలుస్తుందని భక్తుల నమ్మకం.

పూజ ముగిశాక మల్లవ్వ వంశంలోని పెద్ద ముత్తైదువ గుడి ముందు నిలబడి, "మా కుండేదిరా?" అని గట్టిగా అడుగుతుంది. బెస్తలు ఆమె ఒడిలో ఆ రోజు పట్టిన తొలి చేపను పెట్టి, "తల్లి ఇంకా తాగుతున్నది అవ్వా, వచ్చే ఏడు రా," అంటారు. ఆమె నవ్వుకుంటూ ఇంటికి పోతుంది. వచ్చే ఏడు మళ్ళీ వస్తుంది.