ఓబుళమ్మ అడిగిన విత్తనాలు

వెనకటికి ఒక మెట్టసీమకు మార్తాండరాయుడనే దివాను ఉండేవాడు. మృగశిర కార్తెలో ఒక జల్లు పడగానే అది తన జాతకబలమేనని మురిసిపోయి, "మూడు రోజుల్లో అందరూ కొర్ర విత్తాలి, విత్తనివాళ్ల పొలం లాక్కుంటాం" అని చాటింపు వేయించాడు.

రైతులు హడలిపోయారు. ఆ జల్లు పైమట్టినే తడిపింది. ఇప్పుడు విత్తితే మొలకలు మాడిపోతాయి. ఇళ్లలో ఉన్న గింజలేమో ఒక్కసారి విత్తడానికే సరిపోతాయి.

ఓబుళమ్మ అనే ముసలి రైతు కోటకు వెళ్లింది.

"దొరా, రేపే విత్తుతాం. కాకపోతే కోట గాదెలోని గింజలు ఇప్పించండి. పండితే రెండింతలు కొలుస్తాం. ఎండిపోతే ఆ నష్టం కోటది."

దివాను ఉలిక్కిపడ్డాడు. "ఈ కాస్త జల్లును నమ్మి గాదె ఖాళీ చేస్తానా? ఇంకో మంచి వాన పడనీ!"

"మేమూ అదే అంటున్నాం దొరా," అంది ఓబుళమ్మ.

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. దివాను ముఖం ఎర్రబడింది. కానీ తన నోటితో అన్న మాటను కాదనలేక, ఆజ్ఞ రద్దు చేశాడు.

పన్నెండో రోజున జానెడు లోతు తడిసేలా వాన కురిసింది. ఊరంతా గొర్రు కట్టి కొర్ర విత్తింది. వారం తిరిగేసరికి చేలన్నీ పచ్చబడ్డాయి. చూడవచ్చిన దివాను గుర్రం దిగి, గట్టు మీదున్న ఓబుళమ్మ దగ్గరికి నడిచాడు.

"వచ్చే ఏడాది ఎప్పుడు విత్తాలో నువ్వే చెప్పవ్వా" అన్నాడు.