పెన్‌డ్రైవులో మూట, పళ్లెంలో బియ్యం

ఏడుసార్లు గుచ్చాడు కృపాకర్ ఆ పెన్‌డ్రైవు. ఏడుసార్లూ కంప్యూటరు కళ్లు తెరవలా. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు నాలుగు వస్తన్నయ్యి, ఆగిపోతన్నయ్యి.

"ఏం రాసిందయ్యా?" అని అడిగాడు ఫ్లెక్సీ షాపు మాలకొండయ్య.

"లేవటానికి కావాల్సింది ఏదీ దొరకలేదంట," అన్నాడు కృపాకర్.

"దానికి దొరకలేదా, నీకు దొరకలేదా?"

పొదిలి బస్టాండు కాడ మా షాపులోనే జరిగింది ఇది. ఆయన కాడ పని నేర్చుకునే మీరంతా ఇప్పుడు కృపాకర్ సారు, కృపాకర్ సారు అని ఆయన ముందు నోరు తెరవటానికి కూడా భయపడతన్నారంట. తెలీనిది అడగాలంటే వణుకంట. అందుకని చెబుతన్నా, వినండి. ఎర్రచుక్క వెలుగుతానే ఉంది కదా ఫోన్లో? సరే.

ఆ షాపు మాస్టారిది, అంటే దస్తగిరి మాస్టారిది. మా ఆయన. ఊరంతా మాస్టారంటంటే నాకూ అదే అలవాటయింది. ఆయన బడికి పోయింది ఐదో తరగతి దాకానే. వాళ్ల నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఈయన ముందు రేడియోలు విప్పాడు, తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు. మాట తక్కువ. ఎప్పుడు చూసినా స్క్రూడ్రైవరు నోట్లో పెట్టుకునుంటాడు, ఇంక మాటెట్టా వస్తది. ఉంటాడు కాదు, ఉండేవాడు.

కృపాకర్ అప్పటికి మా కాడికి వచ్చి నాలుగు నెలలు. ఒంగోల్లో ఇంజినీరింగు చదివాడు. ఉద్యోగం దొరక్క పని నేర్చుకుంటానని వచ్చాడు. వాళ్ల నాన్న ఊళ్లో నామోషీపడి, మావాడు కంపెనీలో ఉన్నాడని చెప్పుకుంటన్నాడు. ఆ నాలుగు నెలలూ మాస్టారు అతని చేతికి దుమ్ము దులిపే బ్రష్షు తప్ప ఏమీ ఇవ్వలా. పైకి అనడు గానీ లోపల కుతకుత ఉడికిపోయేవాడు పిల్లాడు.

ఆ రోజు పొద్దున్నే తొమ్మిదింటికి మాలకొండయ్య కంప్యూటరు డబ్బా చంకన పెట్టుకుని దిగాడు. తిరనాళ్లలో ఎడ్ల బండలాగుడు పోటీలు. పన్నెండు జతల ఎడ్ల బొమ్మలతో ఫ్లెక్సీలు సాయంత్రానికి కట్టాలి. ఇదేమో చచ్చి ఊరుకుంది.

మాస్టారు చూశాడు. "ఎడ్లు లోపల భద్రంగానే ఉన్నయ్యి. దీన్ని లేపేది పోయింది. కొత్తగా ఎక్కించాలి."

"నేను చేస్తా మాస్టారూ," అని ముందుకొచ్చాడు కృపాకర్. "ఇదేం పెద్ద పని? నాలుగేళ్లు ఇదే చదివా. అరగంట."

"చెయ్యి," అన్నాడు మాస్టారు.

"అరగంటలో లేపకపోతే రేపటి నుంచి ఈ షాపు మెట్టెక్కను."

ఎవరడిగారు ఆ మాట? ఎవరూ అడగలా. మాలకొండయ్య మాత్రం, "అబ్బో! నేనే సాక్షి," అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

నాకు అక్షరం ముక్క రాదు గానీ ముప్పై ఏళ్లు ఆ షాపులో కూర్చున్నా. ఇంతవరకు తెలుసు. కంప్యూటరుని లేపే సరంజామా అంతా నెట్లోంచి ఒకే మూటగా దిగుద్ది. దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించి గుచ్చితే, చచ్చిన కంప్యూటరు దాన్ని చూసుకుని లేస్తది. కృపాకర్ మూట దించాడు. పెన్‌డ్రైవు కోసం రేకుడబ్బా అంతా కుమ్మరించాడు. ఉన్నవాటిల్లో కొన్ని చిన్నయ్యి, కొన్ని చచ్చినయ్యి. నా పాటల డబ్బాకి ఎర్రది ఒకటి గుచ్చి ఉంటే, "అమ్మా, ఇది కాసేపు," అని పాట మధ్యలోనే పీక్కుపోయాడు.

మూట తెచ్చి అందులో పెట్టాడు. గుచ్చాడు. లేవలా. తీసి చొక్కాకి తుడిచి మళ్లీ గుచ్చాడు. లేవలా. గుచ్చే చోటు వదులైందన్నాడు. నా పెన్‌డ్రైవు మంచిది కాదన్నాడు. కరెంటు సరిగ్గా రావట్లేదన్నాడు. ఏడోసారికి మాలకొండయ్య షాపులో దుమ్మంతా దీని కడుపులోనే ఉందన్నాడు.

"అవునయ్యా, ఎడ్లు రేపిన దుమ్ము," అన్నాడు మాలకొండయ్య. "ఇంతకీ నీ అరగంట ఎప్పుడు మొదలవుద్ది?"

ఈలోపు ఆయనకి ఎడ్లవాళ్ల ఫోన్లు. "ఆ, అయిపోయినయ్యి, కొమ్ములు దిద్దుతన్నాం," అని అబద్ధాలు.

కృపాకర్‌కి ఏడుపొక్కటే తక్కువ. మాస్టారు కాడికి వచ్చాడు. "మీరే చూడండి మాస్టారూ. మూట ఇందులోనే ఉంది. ఒక్క ముక్క తగ్గలేదు. అన్నీ ఉన్నాయి. అయినా లేవకపోతే నా తప్పెట్టా అవుతుంది?"

మాస్టారు నోట్లోంచి స్క్రూడ్రైవరు తీశాడు. "ఒంటిగంటయింది. అన్నం తిను ముందు."

షాపు వెనకాలే మా ఇల్లు, మధ్యలో ఒక పరదా. మాస్టారు పరదా తప్పించుకుని లోపలికొచ్చి నా చెవిలో ఒక మాట చెప్పాడు.

"ఛీ, ఇదేం పాడుపని!" అన్నా. "ఆకలిమీదున్న బిడ్డకి అట్టా పెడతారా ఎవరన్నా?"

"పెట్టు," అన్నాడు.

పెట్టా. స్టీలు పళ్లెంలో బియ్యం గుండ్రంగా పోశా. పక్కన కందిపప్పు. ఒక వంకాయ. కాస్త చింతపండు, రెండు ఎండుమిరపకాయలు, ఉప్పు. ఒక కోడిగుడ్డు. అన్నీ పచ్చియ్యే. మనసొప్పక చివర్న ఒక ఆవకాయ ముక్క వేశా.

మాస్టారు చూశాడు. "అది తినేది. తీసెయ్."

తీసేశా.

కృపాకర్ చెయ్యి కడుక్కొచ్చి కూర్చున్నాడు. కళ్లు ఫోన్లోనే ఉన్నయ్యి. చూడకుండానే చెయ్యి పెట్టి కలపబోయాడు. గుడ్డు దొర్లి ఒళ్లో పడింది.

"అమ్మా! ఇదేంటి?"

నేను కొంగు నోట్లో కుక్కుకున్నా.

"భోజనం," అన్నాడు మాస్టారు.

"ఇది పచ్చిది మాస్టారూ!"

"లెక్క చూసుకో. ఒక్క ముక్క తగ్గలా. అన్నీ ఉన్నయ్యి."

మాలకొండయ్య షాపులోంచి పరదా ఎత్తి చూశాడు. పళ్లెం చూశాడు, పిల్లాడి మొహం చూశాడు. "ఏడుసార్లు కలుపు బాబూ," అన్నాడు. "ఏడోసారికి ఉడుకుద్ది."

కృపాకర్ పళ్లెం వంక చూశాడు. బల్ల మీద ఎర్ర పెన్‌డ్రైవు వంక చూశాడు. మళ్లీ పళ్లెం వంక చూశాడు. గుడ్డు నా చేతికిచ్చి, లేచి పోయి షాపు కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

ఈసారి గొణుగుడు లేదు, నింద లేదు. వెతికాడు, చదివాడు. మూటని విప్పి, కంప్యూటరు గుర్తుపట్టేటట్టు పెన్‌డ్రైవు మీద వరసగా రాసే ప్రోగ్రాం వేరే ఒకటుందంట. దాన్ని దించాడు. దానికి మూట చూపించాడు, పెన్‌డ్రైవు చూపించాడు. ఇంక మొదలుపెట్టు అని నొక్కబోతే, అది ఎదురు ఒక మాట అడిగింది. కృపాకర్ పైకి చదివాడు.

"ఇందులో ఇప్పుడున్నదంతా చెరిగిపోతుంది. సరేనా?"

వేలు అట్టానే ఆగింది.

"మాస్టారూ, ఇందులో ఏముంది?"

"నన్నడుగుతావేంది? అది నాది కాదు."

నావైపు తిరిగాడు.

"ఏముంటది నాయనా, పాటలు," అన్నా. "మధ్యమధ్యలో మీ మాస్టారి సతాయింపు. చెరిపెయ్, పీడా పోద్ది."

అదొక కథ. మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, మోటరు ఎప్పుడు కట్టెయ్యాలి అని ఆయన కాగితం మీద రాసిస్తే నేను చదవలేను కదా. అందుకని ఏ పాట ఏ వేళకి అయిపోద్దో లెక్కేసి, పాటకీ పాటకీ మధ్యలో తన గొంతు పెట్టాడు. నేను పొద్దున ఏడింటికి డబ్బా పెడితే, వేళకి అది నన్ను అడుగుద్ది. నాకేమో ఒళ్లు మండేది. మనిషి నోరు తెరవడు, డబ్బాలోంచి మాత్రం అధికారం.

"అమ్మే చెరిపెయ్యమందిగా! నొక్కవయ్యా!" అని అరిచాడు మాలకొండయ్య.

మాస్టారు స్క్రూడ్రైవరు మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. ముందర విప్పటానికి ఏ డబ్బా లేదు.

కృపాకర్ వేలు వెనక్కి తీసుకున్నాడు. "ఒకటి విని చూస్తా," అని నొక్కాడు. ఆ కంప్యూటరుకి ఉన్నయ్యేమో అమ్మకానికి పెట్టిన పెద్ద స్పీకర్లు. బస్టాండంతా దద్దరిల్లింది.

"కాశింబీ! మాత్ర వేసుకున్నావా? ఎర్రది కాదు, తెల్లది!"

ఒంగోలు బస్సెక్కేవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

"మాస్టారూ! మీకు మాటలొచ్చా?" అన్నాడు మాలకొండయ్య.

మాస్టారి చెవులు ఎర్రబడినయ్యి. నలభై ఏళ్ల కాపురంలో ఆయన సిగ్గుపడగా నేను చూసింది ఆ ఒక్కసారే.

అందరం నవ్వాం, కృపాకర్ తప్ప. అతను పెన్‌డ్రైవులో ఉన్నయ్యన్నీ ఒక్కొక్కటే షాపు కంప్యూటరులోకి తీసి పెడతన్నాడు.

"ఎంతసేపు?" అన్నాడు మాలకొండయ్య.

"పది నిమిషాలు బాబాయ్."

"పది నిమిషాలకి పన్నెండు జతలూ వచ్చి నన్ను కుమ్ముతయ్యి."

"కుమ్మనీ బాబాయ్."

అన్నీ తీశాడు. తీసినయ్యి ఉన్నయ్యో లేవో రెండు విప్పి విన్నాడు, ఈసారి చిన్నగా. అప్పుడు నొక్కాడు, సరే అని.

ఎనిమిదోసారి గుచ్చాడు. తెర కాసేపు నల్లగానే ఉంది. నేను అల్లా అల్లా అనుకుంటన్నా, మాలకొండయ్య కొండ మీద నరసింహస్వామికి మొక్కుకుంటన్నాడు, కృపాకర్ కళ్లు మూసుకుని యేసయ్యని పిలుస్తన్నాడు. మాస్టారు టీ తాగుతన్నాడు.

నీలంగా వెలిగింది.

ఎడ్ల బొమ్మలున్న చోటు జోలికి పోకుండా, పోయినది మటుకే కొత్తగా ఎక్కించాడు కృపాకర్. మూడింటికల్లా మాలకొండయ్య డబ్బా చంకనెత్తుకుని పరిగెత్తాడు. సాయంత్రానికి పన్నెండు జతలూ కరెంటు స్తంభాలెక్కినయ్యి.

నేను అదే బియ్యం, అదే పప్పు, అదే గుడ్డు వండి పెట్టా. ఆవకాయ ముక్కలు రెండు వేశా, ఎవరేమంటారో చూద్దామని. ఎవరూ ఏమీ అనలా. పిల్లాడు తలొంచుకుని మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

తిన్నాక అన్నాడు. "అరగంటన్నా. ఆరుగంటలు పట్టింది. మాటంటే మాటే మాస్టారూ. రేపటి నుంచి రాను."

మాస్టారు జేబులోంచి షాపు తాళాలు తీసి పళ్లెం పక్కన పెట్టాడు.

"రేపు నువ్వు తియ్యి."

"నాకేమీ రాదని తేలిపోయింది కదా మాస్టారూ."

"అడగటం వచ్చింది," అన్నాడు మాస్టారు.

మర్నాడు తాళం తీసింది కృపాకరే. తీసి, మొట్టమొదట నా పాటలు మళ్లీ ఎర్ర పెన్‌డ్రైవులోకి ఎక్కించి తెచ్చిచ్చాడు. అందులోనూ ఒక పొరపాటు చేశాడు మీ సారు. ఆ డబ్బా ఏ వరసలో ఎక్కిస్తే ఆ వరసలోనే పాడుద్ది. అతను పాటలన్నీ ఒకసారి, మాస్టారి మాటలన్నీ ఒకసారి ఎక్కించాడు. దాంతో పాటలన్నీ అయ్యాక మాస్టారు తన నాలుగు మాటలూ వరసబెట్టి అడుగుతన్నాడు. కృపాకర్ నాలిక్కరుచుకుని, "సరిచేస్తా అమ్మా," అని చెయ్యి చాపాడు.

మాస్టారు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. "ఉండనీ. ఒక్కొక్కటి అడిగితే ఎటూ పలకదు."

ఆయన పోయి ఇవాళ్టికి మూడు నెలల పది రోజులు. ఆ ఎర్రదాంట్లో ఉన్నది కృపాకర్ ఇంకో నాలుగుచోట్ల దాచిపెట్టాడంట. నాకు చెప్పలా, మాలకొండయ్య చెప్పాడు.

ఆ రోజు చెరిపెయ్యమంది నేనే.

ఉండండి, డబ్బాలో పాటలు అయిపోవచ్చినయ్యి. ఫోను డబ్బా దగ్గరగా పెడతా, మీకూ వినపడుద్ది.

"కాశింబీ! మాత్ర వేసుకున్నావా? ఎర్రది కాదు, తెల్లది!"

వేసుకున్నా.

"మోటరు కట్టేశావా?"

కట్టేశా.

"గ్యాసు ఆపావా?"

ముట్టిస్తేగా ఆపేది.

"అన్నం తిన్నావా?"

ఉండు మాస్టారూ. బియ్యం కడుగుతా.