మంగతాయారు పాదముద్ర

ఎండలు ముదిరేసరికి అడవిలో వాగు ఎండిపోయి, ఇసుకలో ఒక్క చెలమ మిగిలింది. మగవి ముందు తాగాలి, ఆడవీ పిల్లలూ తర్వాత తాగాలి అన్నది అక్కడి ఆనవాయితీ. తల్లుల వంతు వచ్చేసరికి అడుగున బురదే ఉండేది.

రోజూ ఇదే గొడవ. చివరికి అడవి సభ కొత్త చట్టం చేసింది. ఈసారి చెలమకు పెద్దగా ఆడదాన్నే ఎన్నుకోవాలి. ఆమె హుకుం మీద ఆమే పాదముద్ర వేయాలి. బదులుగా ఇంకెవరు వేసినా వేసవంతా చెలమ ఛాయలకు రాకూడదు.

నక్క వీరాస్వామి ఏమాత్రం కంగారు పడలేదు. పెళ్లాం మంగతాయారును నిలబెట్టి గెలిపించి, పెత్తనం తను చలాయించాడు. తను చెప్పిన హుకుం కాకి గుమస్తా ఆకు మీద రాసి తెస్తే చాలు, చూడకుండా బురద పంజా అద్దేసేవాడు. ఇదేమిటని ఆమె అడిగితే ఇంటి పని చూసుకోమనేవాడు.

మంగతాయారుకు కాలు ఒకచోట నిలవడం లేదు. చెలమ చుట్టూ అటూ ఇటూ తిరిగి తిరిగి ఇసుకలో దారి పడింది. పేరు తనది, మాట తనది కాదు. ఆ రోజు గేదె పోలమ్మ దూడ దాహంతో వరసలోనే కూలబడింది.

"ఏమ్మా తాయారూ, నీకు ఓటేసింది ఇందుకేనా? నా బిడ్డ పోయాక వేస్తావా ముద్ర?" అంది పోలమ్మ.

మంగతాయారు సిగ్గుతో చచ్చిపోయింది. గబగబా కాకిని పక్కకు పిలిచి ఒక హుకుం రాయించి, ఎప్పటిలాగే మొగుడి దగ్గరికి పంపింది. అడవిపందితో కబుర్లాడుతున్న వీరాస్వామి చూడకుండానే పంజా అద్దేశాడు.

కాకి అందరి ముందూ చదివింది. "నేటి నుంచి పిల్లలూ తల్లులూ ముందు. మగవి తర్వాత."

వీరాస్వామి ఎగిరిపడి అది చెల్లదన్నాడు.

"ఎందుకు చెల్లదండీ? ఆ ముద్ర ఎవరిదో చెప్పండి," అంది మంగతాయారు నెమ్మదిగా.

తనదంటే వేసవంతా నీళ్లుండవు. ఆమెదంటే హుకుం ఖాయం. అందరూ అతని నోటి వంకే చూస్తున్నారు.

"మా ఆవిడదే," అని గొణిగాడు.

ఆమె బురదలో పంజా ముంచి, ఆ ముద్ర పక్కనే తనది గట్టిగా అద్దింది. రెండూ ఒక కొలత కావని అందరికీ కనిపించింది. అయినా ముద్ర మాట పక్కనపెట్టి, దూడను లేపి నీళ్ల దగ్గరికి నడిపించే తొందరలో పడ్డారు. వీరాస్వామి వెళ్లి వరస చివర, అడవిపంది వెనక నిలబడ్డాడు.

నీతి: చట్టం ఆడదానికి పీట వేస్తుంది, దాని మీద ఆమే కూర్చుని మాట్లాడితేనే అది న్యాయం అవుతుంది.