రెండు చెట్ల ఎలుగుబంటి

పాలవాగుకు ఇవతల పెద్ద మద్దిచెట్ల అడవి ఉంది. ఎలుగుబంట్లు, ముళ్లపందులు, కుందేళ్లు, నక్కలు, ఏనుగులు అందులో కలిసే బతికేవి. కొందరు కూలికి వెళ్లేవాళ్లు. కొందరు సొంతంగా కొట్లు పెట్టుకున్నారు.

ఆ కొట్లన్నిటిలోకీ గండన్నది పెద్దది. గండన్న ఒక ఎలుగుబంటి. వాగు రేవు దగ్గర తేనె అమ్మేవాడు. అతనికి ఇరవై తేనె చెట్లు ఉండేవి. ఏడాదికి ఒక్కో చెట్టు నుంచి ఇరవై తేనెపట్లు దిగేవి. తేనెటీగలు ముఖమంతా కుట్టినా కొమ్మ వదలకుండా కష్టపడి, ఒక్కొక్క చెట్టే సంపాదించుకున్నాడు. ఎవరు అడిగినా, అడగకపోయినా ఆ సంగతి చెప్పుకునేవాడు.

పక్క పాకలో ఈదమ్మ అనే ముళ్లపంది ఎండు దుంపలు అమ్మేది. ఆమెది చిన్న వ్యాపారం.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉండేది. వ్యాపారం చేసేవాళ్లు ఏడాదికోసారి తమకు ఏమేం ఉన్నాయో, ఎంత వచ్చిందో టేకాకు మీద రాయించి, కింద పంజా గుర్తు వేయాలి. వచ్చినదాంట్లో పదోవంతు పన్ను కట్టాలి. ఆ పన్నుతోనే వాగు గట్లు బాగుచేసేవాళ్లు. ఎవరి చెట్లయినా, సరుకైనా నాశనమైతే, ఆకు మీద ఎంత రాసి ఉంటే అంత తిరిగి ఇచ్చేవాళ్లు. ఈ వ్యవహారమంతా చూసేది ఒక ముసలి ఏనుగు. ఆమెను అందరూ లెక్కలమ్మ అని పిలిచేవాళ్లు.

లెక్కలమ్మ దగ్గరికి వెళ్లడం గండన్నకు నామోషీ. ఎలుకలూ కుందేళ్లూ వింటుండగా తన లెక్క చెప్పుకోవాలి. పైగా నలభై పట్లు అప్పజెప్పి రావాలంటే ప్రాణం ఉసూరుమనేది.

ఒకరోజు పొద్దున్నే పరంధామం అనే నక్క కొట్టుకు వచ్చాడు. ఊరందరి పన్ను పనులూ తానే చక్కబెడతానని చెప్పుకునేవాడు.

“అయ్యగారూ, మీరు వెళ్లి అక్కడ నిలబడటమేమిటండీ! నాకు వదిలేయండి. ఇరవై పట్లు ఇవ్వండి, పని అయిపోతుంది.”

“కట్టాల్సింది నలభై కదా?”

“దారులు తెలియనివాళ్లకు నలభై. నేనున్నది దేనికి?”

గండన్నకు ఆ మాట చాలా నచ్చింది. ఎలా తగ్గిస్తావని మాత్రం అడగలేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుందని అతనికి లోపల ఎక్కడో తెలుసు.

నక్క ఒక టేకాకు చాపాడు.

“ఇందులో ఏమీ రాసిలేదే?” అన్నాడు గండన్న.

“తీరిగ్గా నేను రాస్తానుగా. మీరు గుర్తు వేసేయండి.”

గండన్న పంజా అద్ది గుర్తు వేశాడు. నక్క ఇరవై పట్లు మూట కట్టుకుని వెళ్లిపోయాడు.

ఇదంతా చూసిన ఈదమ్మ కొట్టు దగ్గరికి వచ్చింది.

“అన్నా, ఖాళీ ఆకు మీద గుర్తు వేశావా? వాడు అందులో ఏం రాస్తే అది నువ్వు చెప్పినట్టే అవుతుంది.”

“బుట్టెడు దుంపలు అమ్మేవాళ్లకు తీరిక ఉంటుంది చెల్లీ. నాకెక్కడిది?”

“నాకూ అక్కడిదాకా నడిస్తే కాళ్లు నొప్పులే. అయినా వెళ్తాను. రాసింది చదివించుకుంటాను, నకలు తెచ్చుకుంటాను. పోనీ నువ్వు వాడిని నకలైనా అడుగు.”

“నమ్మినవాడిని నకలు అడుగుతారా ఎక్కడైనా?” అని గండన్న నవ్వేశాడు. ఈదమ్మ తన పాకకు వెళ్లిపోయింది.

అలా మూడేళ్లు గడిచాయి. ఏటా ఒక ఖాళీ ఆకు, ఒక పంజా గుర్తు, ఇరవై పట్లు. మిగిలిన పట్లతో గండన్న కొట్టుకు కొత్త వెదురు కప్పు వేయించాడు. పన్ను కట్టడానికి ఎండలో నడిచి వెళ్లేవాళ్లను ఆ నీడలో కూర్చుని చూసేవాడు.

నాలుగో ఏడు ఎండాకాలంలో అడవికి నిప్పంటుకుంది. మంటలు మూడు రోజులు ఆరలేదు. గండన్న, భార్య ఎర్రమ్మ, ఇద్దరు పిల్లలు వాగు దాటి ప్రాణాలు దక్కించుకున్నారు. తిరిగి వచ్చేసరికి రేవు దగ్గర కొట్టు మిగిలింది కానీ, కొండ మీద ఇరవై చెట్లూ నల్లటి మొద్దులై నిలబడి ఉన్నాయి. ఈదమ్మ పాక, అందులోని దుంపలు బూడిదైపోయాయి.

ఎర్రమ్మ ఏడుస్తుంటే గండన్న ఓదార్చాడు. “ఎందుకే ఏడుస్తావు? ఏటా పన్ను కట్టామా లేదా? తూర్పు కొండ మీద అందరి ఉమ్మడి తేనె చెట్ల తోపు ఉంది. అందులోంచి ఇరవై చెట్లు మనకు ఇస్తారు, చూడు.”

ఇద్దరూ లెక్కలమ్మ దగ్గరికి వెళ్లారు. అప్పటికే ఈదమ్మ అక్కడ ఉంది. లెక్కలమ్మ ఆమె ఆకు తీసి, ఆమె తెచ్చిన నకలుతో పోల్చి చూసింది. రెండిట్లోనూ అరవై బుట్టల దుంపలని ఉంది. అరవై బుట్టలూ అక్కడికక్కడే ఇప్పించింది.

తరువాత గండన్న ముందుకు వచ్చాడు. “ఇరవై చెట్లు పోయాయమ్మా,” అన్నాడు.

లెక్కలమ్మ మూడు ఆకులు తీసి మూడూ చదివింది. “రెండు చెట్లని రాసి ఉందే?”

“రెండేమిటి! ఇరవై. అడవంతా తెలుసు.”

“నాకు నిన్ననే తెలిసింది. కాలిన మొద్దులు లెక్కపెట్టించాను, ఇరవై ఉన్నాయి. మరి మూడేళ్లుగా రెండని ఎందుకు రాయించావు? ఏటా నాలుగు పట్లే ఎందుకు కట్టావు?”

“నాలుగా? నేను ఇరవై ఇచ్చాను!”

“ఎవరికి?”

గండన్న నక్క పేరు చెప్పాడు. లెక్కలమ్మ ఆ మూడు ఆకులూ అతని ముందు పరిచింది. ఎర్రమ్మ వంగి చూసింది.

“ఈ గుర్తు నీదేనా?” అని భర్తను అడిగింది.

“నాదే.”

“ఇది?”

“అదీ నాదే.”

మూడోదాని గురించి ఆమె అడగలేదు.

లెక్కలమ్మ నెమ్మదిగా చెప్పింది. “చూడు గండన్నా, నీకు ఇవ్వాల్సింది ఆకును బట్టి ఇస్తాను. అంటే రెండు చెట్లు. నువ్వు ఇవ్వాల్సింది నీ అసలు సంపాదనను బట్టి తీసుకుంటాను. ఏడాదికి ముప్పై ఆరు చొప్పున మూడేళ్ల బకాయి నూట ఎనిమిది పట్లు. నిన్ను మోసం చేసింది నక్కే, కాదనను. కానీ నలభై కట్టాల్సినవాడివి ఇరవైతో ఎలా సరిపోతుందని ఒక్కసారైనా అడిగావా?”

గండన్న కొట్టులో ముప్పై పట్ల సరుకు మిగిలి ఉంది. అది బకాయి కిందికి పోయింది. తిరిగి ఇచ్చిన రెండు చెట్లూ అలాగే పోయాయి. అయినా చాలకపోతే కొట్టు కూడా రాసిచ్చాడు. అప్పటికి లెక్క తీరింది.

నక్క కోసం గుహ గుహా వెతికాడు. వాడు ఎప్పుడో కొండ దాటి పక్క అడవికి వెళ్లిపోయాడు. లెక్కలమ్మ అక్కడికి కబురు పంపింది. అక్కడివాళ్లు పట్టించుకోలేదు. వాడు అక్కడ కూడా అందరి పన్ను పనులూ చూస్తున్నాడని, బాగా బలిశాడని వలస పక్షులు చెప్పాయి.

వానలు పడకముందే ఈదమ్మ మళ్లీ పాక వేసుకుంది. మరుసటి ఏడు తూర్పు కొండ మీద మూడు తేనె చెట్లు కౌలుకు తీసుకుంది. ముళ్లపందికి చెట్టెక్కడం రాదు. ఎక్కేవాళ్లు కావాలని ఆమె చెప్పిస్తే గండన్న వచ్చి నిలబడ్డాడు. ఆమె పాత మాటలేవీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే అతనికి కొంత తేలికగా ఉండేదేమో.

“చెట్టెక్కినప్పుడల్లా ఒక పట్టు కూలి అన్నా. సరేనా?”

“సరేనమ్మా,” అన్నాడు గండన్న. చెల్లీ అని పిలవడానికి నోరు రాలేదు.

ఏడాది తిరిగేసరికి అతని కూలి పది పట్లయింది. అందులో ఎక్కువ భాగం పిల్లలు తినేశారు. ఒక పట్టు మాత్రం ఆకులో చుట్టి విడిగా దాచాడు. దాన్ని తీసుకుని తానే లెక్కలమ్మ దగ్గరికి నడిచి వెళ్లాడు. ఎంత వచ్చిందో దాచకుండా చెప్పి, ఆకు చదివించుకుని, గుర్తు వేశాడు. పట్టు తీసి ముందు పెట్టాడు.

లెక్కలమ్మ దాన్ని తొండంతో మెల్లగా వెనక్కి జరిపింది.

“ఇంత తక్కువ కూలికి పన్ను లేదు గండన్నా. తీసుకెళ్లి పిల్లలకు పెట్టు,” అంది.

నీతి: లెక్క ఎవరు రాసినా, కింద గుర్తు పెట్టినవాడే దానికి బాధ్యుడు. పన్ను తప్పించుకోవడానికి మన సంపాదనను తక్కువ చేసి రాయిస్తే, ఆపద వచ్చినప్పుడు మనకు అందేదీ అంత తక్కువే.